అతిశీతల ఫ్రీజర్

జీవ నమూనాలను మైనస్ 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఏళ్ల తరబడి భద్రపరిచే ప్రయోగశాల యంత్రం అతిశీతల ఫ్రీజర్. కొనుగోలు కాగితాల్లో అల్ట్రా లో టెంపరేచర్ ఫ్రీజర్ అని రాస్తారు కానీ ల్యాబులో ‘మైనస్ ఎయిటీ’ అంటే చాలు. మైనస్ 50 నుంచి మైనస్ 86 వరకు ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెట్టుకునే వీలుంటుంది. ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లు, రోగుల సీరం, వైరస్ నమూనాలు, గ్లిజరాల్ కలిపి దాచిన బ్యాక్టీరియా ఇందులో ఉండే సరుకు. 500 నుంచి 700 లీటర్ల నిలువు ఫ్రీజర్‌లో 2 మిల్లీలీటర్ల గొట్టాలు పదుల వేలల్లో పడతాయి. కొన్ని వందల మంది రోగుల నుంచి ఏళ్ల పాటు సేకరించిన నమూనాలు ఒకే తలుపు వెనుక ఉంటాయి కాబట్టే దీని నిర్వహణకు అంత ప్రాముఖ్యం.

చేర్యాలలో ఉన్న చలి, లేని చలి

సిద్దిపేట జిల్లా చేర్యాల వంటి పట్టణంలో చలికి రెండు చిరునామాలుంటాయి. ఒకటి సర్కారు దవాఖాన. అక్కడ టీకాలకు ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్, అందరూ ఐఎల్‌ఆర్ అనేది, 2 నుంచి 8 డిగ్రీల మధ్య నడుస్తుంది. పక్కనే డీప్ ఫ్రీజర్ మైనస్ 15 నుంచి మైనస్ 25 మధ్య ఉంటుంది. ఈ స్థాయి దవాఖానల్లో డీప్ ఫ్రీజర్ ముఖ్యంగా ఐస్ ప్యాకులు గడ్డకట్టించడానికే. టీకాల రోజు పొద్దున ఆ ప్యాకులను బయట పెట్టి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడ్డాకే క్యారియర్‌లో సర్దుతారు. రాయిలా ఉన్న ప్యాకు పెడితే దానికి ఆనుకున్న పెంటావాలెంట్, హెపటైటిస్-బి టీకాలు గడ్డకట్టి పనికిరాకుండా పోతాయి.

రెండోది పశువైద్యం. కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యం స్ట్రాలు ద్రవ నైట్రోజన్ క్యానులో మునిగి ఉంటాయి. ద్రవ నైట్రోజన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు. కరీంనగర్‌లో ఘనీకృత వీర్యోత్పత్తి కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాల్లో తయారైన స్ట్రాలు పశువైద్యశాలలకు, ఊరూరా తిరిగి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు చేరతాయి. గోపాలమిత్ర బండి మీద తీసుకెళ్లే చిన్న క్యానులో ఉన్న చలి, హైదరాబాద్‌లోని ఏ అతిశీతల ఫ్రీజర్‌లోనూ ఉండదు.

అంటే నకాషీ పటాలకు పేరుపడ్డ ఈ ఊరికి మైనస్ 20 తెలుసు, మైనస్ 196 తెలుసు. మైనస్ 80 మాత్రం ఊరి దాకా రాలేదు. ఇది వింతగా తోచవచ్చు గానీ కారణం సూటిగానే ఉంది. నైట్రోజన్ క్యానుకు కరెంటు అక్కర్లేదు, గడువు ప్రకారం నింపితే చాలు. ఐఎల్‌ఆర్ గోడల చుట్టూ మంచు పేర్చి ఉంటుంది కాబట్టి కరెంటు కొన్ని గంటలు పోయినా చలి నిలుస్తుంది. మైనస్ 80 ఫ్రీజర్‌కు ఇవేవీ లేవు. ఇరవై నాలుగు గంటల కరెంటు, చల్లని గది, అలారం మోగితే అర్ధరాత్రయినా వచ్చే మనిషి, ఈ మూడూ ఉన్నచోటే అది బతుకుతుంది. ఈ యంత్రం నిర్వహణలో సగానికి పైగా పెట్టె బయటి పని అని ముందే తెలుసుకోవాలి.

తెలంగాణలో ఆ మూడూ కుదిరిన చోట్లు హైదరాబాద్ చుట్టూ ఎక్కువ. హబ్సిగూడలోని సీసీఎంబీ, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ వంటి పరిశోధన సంస్థలు, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ కంపెనీలు, వైద్య కళాశాలల వైరాలజీ ల్యాబులు వీటికి ఉదాహరణలు. కరోనా పరీక్షకు ముక్కు, గొంతు నుంచి తీసిన నమూనా కొద్ది రోజులైతే 4 డిగ్రీల దగ్గర ఆగుతుంది. అంతకు మించి ఉంచాలంటే మైనస్ 70 లేదా అంతకంటే తక్కువ కావాలి. వైరస్ జన్యుక్రమాలను పరిశీలించడానికి 2020 డిసెంబరులో కేంద్రం ఏర్పరచిన ఇన్సాకాగ్ కూటమి తొలి పది ల్యాబుల్లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ రెండూ ఉన్నాయి. అలాంటి పనికి నమూనాలను నెలల తరబడి చెడకుండా అట్టేపెట్టడం తప్పనిసరి.

కరోనా టీకాల విషయంలో మన దేశం ఈ యంత్రం అవసరం లేకుండానే గట్టెక్కింది. ఫైజర్ టీకాకు మైనస్ 90 నుంచి మైనస్ 60 కావాలి. ఆ కంపెనీ 2021 ఫిబ్రవరిలో మన దేశంలో దరఖాస్తు వెనక్కి తీసుకుంది. కొవాగ్జిన్, కొవిషీల్డ్ 2 నుంచి 8 డిగ్రీలతో సరిపెట్టుకున్నాయి కాబట్టి మండల దవాఖానల ఐఎల్‌ఆర్‌లే ఆ భారం మోశాయి. 2021 మే 1న హైదరాబాద్‌లో దిగిన స్పుత్నిక్-వి ద్రవరూప టీకా మైనస్ 18 అడగడంతో అది చాలావరకు నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల దగ్గరే ఆగిపోయింది. పదుల డిగ్రీల తేడా ఒక మందు ఏ ఊరి దాకా వెళ్తుందో తేల్చేస్తుంది.

లోపల జరిగేది

ఇంట్లో ఫ్రిజ్‌కు ఒక కంప్రెసర్, ఒక వాయువు. అతిశీతల ఫ్రీజర్లలో చాలావాటికి రెండేసి ఉంటాయి. ఈ పద్ధతిని కాస్కేడ్ అంటారు. కారణం వాయువుల స్వభావంలో ఉంది. ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతుంది. దానితో మైనస్ 80 దాకా దిగడం అయ్యేపని కాదు. ఈథేన్ మైనస్ 88.6 దగ్గర మరుగుతుంది, కావలసిన చలి ఇస్తుంది. కానీ ఈథేన్‌ను 32 డిగ్రీలకు పైన ఎంత నొక్కినా ద్రవం కాదు. మే నెల మధ్యాహ్నం చేర్యాలలో గది వేడి అంతకు మించే ఉంటుంది. అందుకని మొదటి కంప్రెసర్ ప్రొపేన్ లాంటి వాయువుతో మైనస్ 35, 40 డిగ్రీల చలి పుట్టిస్తుంది. ఆ చలిలో ఈథేన్ ద్రవమవుతుంది. ఆ ద్రవం లోపలి గోడల వెనుక చుట్టిన గొట్టాల్లో మరిగి నమూనాల వేడిని లాగేస్తుంది. అలా లాగిన వేడిని మొదటి దశ అందుకుని, కంప్రెసర్ల వేడితో కలిపి గదిలోకి వదిలేస్తుంది.

స్విచ్ వేయగానే మొదటి దశ ఒక్కటే నడవడం, కొన్ని నిమిషాలకు రెండో కంప్రెసర్ అందుకోవడం ఇందుకే. కొత్తవాళ్లు ఇది చూసి రెండోది పాడైందని కంగారుపడతారు. ఒకే కంప్రెసర్‌తో వాయువుల మిశ్రమం వాడేవి, స్టిర్లింగ్ ఇంజను సూత్రం మీద నడిచేవి కూడా ఉన్నాయి. వాటి సంరక్షణ సూత్రాలు పెద్దగా మారవు.

పాత ఫ్రీజర్లలో ఆర్-404ఏ, ఆర్-508బీ వంటి వాయువులుంటాయి. ఆర్-404ఏ ఒక కిలో గాలిలో కలిస్తే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన వేడి చేస్తుంది. ఆర్-508బీ అయితే 13 వేలు దాటుతుంది. ఇలాంటి వాయువులను తగ్గించుకోవడానికి 2016లో కుదిరిన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది. కొత్త యంత్రాలు ప్రొపేన్, ఈథేన్ వైపు మళ్లడానికి అదొక కారణం, కరెంటు ఆదా మరో కారణం. ఇవి మండే వాయువులే, కానీ యంత్రంలో ఉండేది గ్రాముల్లో.

గది, కరెంటు

తయారీదారులు ఎక్కువమంది గది వేడి 30, 32 డిగ్రీలు దాటకూడదంటారు. తెలంగాణ ఎండాకాలంలో ఆ మాటకు అర్థం ఒక్కటే: ఏసీ గది. పైగా ఫ్రీజర్ తానే గదిని వేడి చేస్తుంది. పాత రకం ఒకటి రోజుకు 16 నుంచి 20 యూనిట్లు కాలుస్తుంది. 20 యూనిట్లంటే రాత్రింబవళ్లు సుమారు 830 వాట్ల హీటర్ వెలిగించి పెట్టినట్టే. అలాంటివి నాలుగుంటే వాటి వేడి తీసేయడానికే ఒక టన్ను ఏసీ ఆగకుండా తిరగాలి. ఫ్రీజర్ కొనేటప్పుడు ఏసీ లెక్క మరచిపోయిన చోట మొదటి ఏప్రిల్‌లోనే ఇబ్బంది మొదలవుతుంది. గదిలో రెండు ఏసీలు పెట్టి వంతులవారీగా నడపడం మేలు. ఒక్కటే ఉంటే అది ఆగిన రాత్రి ఫ్రీజర్ కూడా ఆగినట్టే లెక్క.

గోడకు, యంత్రానికి మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్లు వదలాలి. నేల సమతలంగా ఉండాలి. దించేటప్పుడు పక్కకు వాల్చారంటే కంప్రెసర్ నూనె గొట్టాల్లోకి జారుతుంది. నిలబెట్టి 24 గంటలు ఆగి గానీ స్విచ్ వేయకూడదు. లారీ నుంచి దింపిన హడావుడిలో అందరూ దాటవేసే జాగ్రత్త ఇదే.

కరెంటుకు ప్రత్యేకంగా లాగిన లైను, దానికి సొంత ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. వేరే పరికరంతో సాకెట్ పంచుకోకూడదు; ఆ పరికరం ట్రిప్ అయితే దీనికీ కరెంటు పోతుంది. ఓల్టేజి పడుతూ లేస్తూ ఉండే చోట స్టెబిలైజర్ తప్పదు. ఓల్టేజి తగ్గితే కంప్రెసర్ తిరగలేక వేడెక్కి కాలిపోతుంది. కరెంటు పోయి వెంటనే వస్తే లోపల ఒత్తిడి ఇంకా సర్దుకోకముందే మోటారు మీద భారం పడుతుంది. కొన్ని నిమిషాలు ఆగి అంటుకునే టైమర్ స్టెబిలైజర్‌లోనో యంత్రంలోనో ఉండాలి. వరుసగా పది ఫ్రీజర్లున్న హాల్లో జనరేటర్ అందుకోగానే పదీ ఒక్కసారి లేవకుండా తలా కొంత ఆలస్యం పెడతారు.

నింపడం, తెరవడం

ఖాళీ ఫ్రీజర్‌ను రాత్రంతా నడిపి, సొంత తెర మీద అంకెతో సరిపెట్టుకోకుండా వేరే ప్రోబుతో పై అరలోనూ కింది అరలోనూ కొలవాలి. ఆపైన ఇప్పటికే గడ్డకట్టిన నమూనాలు ముందు, మిగతావి కొంచెం కొంచెంగా. ఇది గడ్డకట్టినదాన్ని కాపాడే యంత్రం. వెచ్చని సీసాలు పెద్దమొత్తంలో పెడితే పక్క పెట్టెల చలి చెదురుతుంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కాబట్టి గొట్టాలు నిండుగా నింపకూడదు, గాజు వాడకూడదు.

పెట్టెలు సాధారణంగా తొమ్మిది వరుసలు, వరుసకు తొమ్మిది గొట్టాలు, మొత్తం 81. ఏ ర్యాకు, ఏ పెట్టె, ఏ గడి అన్నది తలుపు తెరవకముందే తెలిసుండాలి. తలుపు తెరిచి పెట్టుకుని వెతికే పద్ధతి ఈ యంత్రాలకు అన్నిటికంటే పెద్ద శత్రువు. మామూలు స్కెచ్ పెన్ను రాత ఆల్కహాల్ చుక్క పడితే చెరిగిపోతుంది, మామూలు లేబుల్ ఊడి కింద పడుతుంది. పదేళ్ల తర్వాత పేరు లేని గొట్టాన్ని పారేయడం తప్ప చేయగలిగేదేమీ లేదు.

తలుపు నిమిషం లోపు మూయాలి. మూశాక ఇంకోసారి తెరవబోతే రాదు. లోపలికి చొరబడ్డ వెచ్చని గాలి చల్లబడి కుంచించుకుపోయి తలుపును లోపలికి పీల్చి పట్టుకుంటుంది. గాలి సర్దుకోవడానికి చిన్న రంధ్రం పెడతారు; కొన్ని నిమిషాలు ఓపిక పడితే అదే వదులుతుంది. పిడి పట్టుకుని గుంజితే విరిగేది పిడే. ఆ రంధ్రం దగ్గరే మంచు పేరుకుంటుంది కాబట్టి అప్పుడప్పుడు శుభ్రం చేయాలి.

చేతికి చలి గ్లోవ్స్ తప్పనిసరి. తడి వేళ్లు మైనస్ 80 లోహానికి అంటుకుంటే చర్మం ఊడొస్తుంది.

వారం, నెల, ఏడాది పనులు

దుమ్ము గురించి ముందు చెప్పాలి. కింద ముందువైపు జాలీ వెనుక ఫిల్టరు ఉంటుంది. అది మూసుకుపోతే కండెన్సర్ వేడి వదలలేదు, కంప్రెసర్లు ఆగకుండా తిరుగుతాయి, నెలల్లో అరుగుతాయి. నెలకోసారి తీసి కడిగి ఆరబెట్టాలి. పక్కన కట్టడం పని జరుగుతుంటే వారానికోసారి. ఆరునెలలకోసారి కండెన్సర్ రెక్కలను మెత్తటి బ్రష్షుతో, వాక్యూమ్ క్లీనర్‌తో దులపాలి. ఇంత చవకగా ఇంత ఆయుష్షు పెంచే పని ఈ యంత్రానికి మరొకటి లేదు. ఎవరి పని అన్నది రాసి పెట్టని చోట ఇది ఎవరూ చేయరు.

తర్వాత మంచు. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, తలుపు తెరిచిన ప్రతిసారీ తేమ లోపలికొచ్చి మంచవుతుంది. తలుపు అంచు రబ్బరు, అంటే గ్యాస్కెట్ మీద పేరితే తలుపు పూర్తిగా పడదు, సందులోంచి ఇంకా తేమ వస్తుంది, ఇంకా మంచు పేరుతుంది. వారానికోసారి పొడి గుడ్డతో గ్యాస్కెట్ తుడిచి, లోపలి తలుపుల మంచు ప్లాస్టిక్ లేదా చెక్క పలకతో గీకాలి. కత్తి, స్క్రూడ్రైవర్ వద్దు. గోడ వెనుకే వాయువు గొట్టాలుంటాయి. గ్యాస్కెట్ మధ్య ఒక కాగితం పెట్టి తలుపు మూసి లాగి చూడాలి. సులువుగా జారి వస్తే అక్కడ పట్టు లేనట్టు.

ఏడాదికోసారి పూర్తిగా కరిగించాలి. నమూనాలన్నీ వేరే ఫ్రీజర్‌లోకో, పొడి మంచు పెట్టెల్లోకో మార్చి, ప్లగ్గు తీసి, అలారం బ్యాటరీ కూడా ఆపి, తలుపులు తెరిచి ఒక రోజు వదిలేస్తారు. తుడిచి పూర్తిగా ఆరాకే మళ్లీ నడపాలి. అలారం బ్యాటరీని రెండు మూడేళ్లకోసారి మార్చాలి. కరెంటు పోయినప్పుడు అరవాల్సిన అలారమే మూగబోవడానికి ఎక్కువసార్లు ఆ బ్యాటరీయే కారణం.

రోజూ రెండు పూటలా ఉష్ణోగ్రత రాయడం మన టీకా వ్యవస్థలో పాత అలవాటే. ఐఎల్‌ఆర్ మీద వేలాడే పుస్తకంలో ఆదివారం, పండగ కూడా నిండాలి. ఇప్పుడు టీకా నిల్వలను గమనించే ఈవిన్ వ్యవస్థ లాగర్లు ఆ అంకెలను ఫోన్లకు పంపుతున్నాయి. అయినా పుస్తకం విలువ తగ్గలేదు. రోజూ మైనస్ 80 చూపే యంత్రం మధ్యాహ్నాల్లో మైనస్ 77 చూపడం మొదలెడితే లాగర్ అరవదు, ఎందుకంటే హద్దు దాటలేదు. రాసే మనిషి మాత్రం గమనిస్తాడు. ఫిల్టరో, ఏసీయో, మెల్లగా కారుతున్న వాయువో, ఏదో ఒకటి మొదలైందని అర్థం. కంప్రెసర్ చప్పుడు మారడం, గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక కనబడటం కూడా అలాంటి సూచనలే. రెండో దశ వాయువును గ్రాముల్లో తూచి నింపాలి కాబట్టి వీధి చివరి ఏసీ మెకానిక్ చేత గ్యాస్ పట్టించడం ఆ యంత్రానికి చివరి వైద్యం అవుతుంది.

అలారం మోగినప్పుడు

2012లో అమెరికాలో హార్వర్డ్ అనుబంధ మెక్‌లీన్ ఆసుపత్రిలో ఒక ఫ్రీజర్ చెడి దాదాపు 150 మెదళ్ల నమూనాలు కరిగిపోయాయి. అందులో మూడోవంతు ఆటిజం పరిశోధనకు దాచినవి. తెర మీద మైనస్ 79 అని ఉంది, లోపల మాత్రం సున్నాకు పైన 7 డిగ్రీలు. రెండు అలారాలూ మోగలేదు. యంత్రం తన గురించి తాను చెప్పేదాన్ని నమ్మకుండా వేరే ప్రోబు, వేరే లైను మీద వేరే అలారం పెట్టమనడం ఇందుకే.

2020లో న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలియర్ పాలిటెక్నిక్‌లో జరిగింది ఇంకో రకం. ఫ్రీజర్ మైనస్ 80 నుంచి మైనస్ 78కి జరిగి అలారం మోగుతోంది. నమూనాలకు ఏమీ కాలేదు. సంస్థ కోర్టులో చెప్పిన ప్రకారం, ఆ కీచుమనే శబ్దం విని శుభ్రం చేసే ఉద్యోగి బ్రేకర్ ఆపేశాడు. ఉష్ణోగ్రత మైనస్ 32కి ఎగబాకి రెండు దశాబ్దాల పరిశోధన పాడైంది. తలుపు మీద నోటీసు ఉంది కూడా. మన ల్యాబుల్లో వాచ్‌మన్‌కు, ఊడ్చేవాళ్లకు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ‘ఈ స్విచ్ ముట్టవద్దు, ఫలానా వారికి ఫోన్ చేయండి’ అని స్విచ్‌బోర్డు పక్కనే రాయడం ఖరీదైన సెన్సార్ కంటే ఎక్కువ పనిచేయవచ్చు.

కరెంటు పోతే మొదటి పని తలుపు తెరవకపోవడం. నిండుగా ఉన్న ఫ్రీజర్ కొన్ని గంటల దాకా మైనస్ 50కి లోపలే ఉంటుంది. సగం ఖాళీగా ఉంటే త్వరగా వేడెక్కుతుంది కాబట్టి ఖాళీ అరల్లో ఐస్ ప్యాకులో, నీటి సీసాలో గడ్డకట్టించి పెడతారు. చలిగాలి కిందికి దిగుతుంది కనుక పొడి మంచును పై అరల్లో పెట్టాలి. పొడి మంచు మైనస్ 78.5 దగ్గర నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. కిటికీలు లేని గదిలో ఊపిరి ఆడకుండా చేస్తుంది, గాలి చొరని డబ్బాలో పెట్టి మూస్తే పేలుతుంది. పెద్ద ల్యాబులు ఒక ఫ్రీజర్‌ను ఖాళీగా, చల్లగా ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాయి. నమూనాలో సగం ఒక యంత్రంలో, సగం మరో చోట పెట్టడం ఇంకా మంచి రక్షణ.

మైనస్ 70 చాలదా?

చాలా నమూనాలకు చాలు. తొలినాళ్ల యంత్రాలు మైనస్ 65, 70 దగ్గరే నడిచేవి. కంపెనీల పోటీలో అంకె పెరిగింది. 80 నుంచి 70కి మారిస్తే దాదాపు 30 శాతం కరెంటు మిగులుతుంది, కంప్రెసర్ ఆయుష్షు పెరుగుతుంది, లోపల పెద్దగా తేడా రాదు. కరెంటు పోయినప్పుడు దొరికే గడువు మాత్రం తగ్గుతుంది. సరఫరా నమ్మకంగా ఉన్న నగర ల్యాబు 70కి మారడం తెలివైన పని. లేనిచోట 80 ఉంచుకోవడంలో తప్పు లేదు.

అటు కింది వైపు చూస్తే మైనస్ 80 కూడా అన్నిటికీ చాలదు. నీటి అణువుల కదలిక దాదాపుగా నిలిచేది మైనస్ 135 కంటే దిగువన. అందుకే జంతు కణాలు, వీర్యం, పిండాలు ద్రవ నైట్రోజన్‌లోనే ఉండాలి. అత్తాపూర్‌లోని సీసీఎంబీ విభాగం లాకోన్స్ వన్యప్రాణుల కణాలను, వీర్యాన్ని అలాగే దాస్తుంది. మరోవైపు పటాన్‌చెరు ఇక్రిశాట్ జన్యునిధిలో లక్షకు పైగా జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ రకాల విత్తనాలు మైనస్ 20 దగ్గరే దశాబ్దాలు నిలుస్తాయి, ఎందుకంటే వాటిని ముందే బాగా ఎండబెడతారు. నీళ్లు ఎంత తక్కువుంటే చలి అవసరం అంత తగ్గుతుంది.

ఈ లెక్కన చేర్యాలకు మైనస్ 80 ఫ్రీజర్ ఇప్పుడు కొరత కాదు. ఊళ్లో తీసిన రక్తం 2021లో సిద్దిపేటలో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌కు ఐస్ ప్యాకుల మధ్యే చేరుతుంది, పరీక్ష త్వరగా అయిపోతుంది. దీర్ఘకాలం దాచాల్సిన నమూనాను పొడి మంచులో హైదరాబాద్‌కో వరంగల్‌కో పంపడమే చవక.

ఆయుష్షు తీరాక

జాగ్రత్తగా చూస్తే అతిశీతల ఫ్రీజర్ పది పన్నెండేళ్లు పనిచేస్తుంది. పారేసేముందు లోపల క్రిమిసంహారకంతో కడిగి, శుభ్రపరిచినట్టు ధ్రువపత్రం అంటించాలి. వాయువును గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయించాలి. పిల్లలు లోపల దూరి ఇరుక్కోకుండా తలుపు ఊడదీయాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దీన్ని నమోదైన సంస్థకే ఇవ్వాలి. పాత సామాన్ల వాళ్లకు కిలోల లెక్కన అమ్మకూడదు.